పన్ను నా పేరున, ప్రయాణం మీ పేరున

"నేను సంతకం పెట్టను" అని ఆండాళు అన్నాక పళ్లాల్లో ఇడ్లీలు ఎవరూ తినలేదు.

మిర్యాలగూడ నుంచి పొద్దున్నే కారేసుకుని వచ్చిన ఇంటి అల్లుడి కోసం చేసిన ఇడ్లీలవి. అల్లుడంటే రవీందర్, ఆండాళు ఆడబిడ్డ స్వప్న మొగుడు, రైస్ మిల్లు ఓనరు. కోదాడలో బావమరిది ఇంటికి వచ్చినప్పుడల్లా ఆరు ఇడ్లీలు తిని, ఏడోది వద్దంటూ తినే మనిషి. ఇవాళ ఒకటి తుంచి చట్నీలో ముంచి అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆదాయపు పన్ను శాఖ నుంచి ఆండాళు పేరున వచ్చింది. రెండోది దానికి జవాబు. రవీందర్ తన మిల్లు ఆఫీసులో టైపు చేయించి తెచ్చాడు. కింద ఆండాళు సంతకానికి చోటు వదిలి, పెన్సిల్‌తో ఇంటూ గుర్తు కూడా పెట్టాడు.

"చెల్లె, జర ఇను" అన్నాడు రవీందర్. "నువ్వు వియత్నాం పోయినవా? పోలే. పోయింది నేను, జగదీశు. పోని ఊరికి నీకు పన్నెట్ల పడ్తది? గదే రాసిన ఇండ్ల. సంతకం పెడితే ఖతం."

ఆండాళు ఆ కాగితం తీసుకుని పైకి చదివింది. "సదరు విదేశీ ప్రయాణంతో గానీ, దానిని సంపాదించిన పనితో గానీ నాకు ఎటువంటి సంబంధమూ లేదు."

చదివి బల్ల మీద పెట్టేసింది.

"పోలేదని రాస్తే పెడుదునేమో అన్నా. పనితోని సంబంధం లేదని ఎట్ల పెట్టాలె?"

"కాగితం మీద మాటే గదా. గంత దూరం ఎందుకు గుంజుతున్నవ్?" అన్నాడు జగదీశ్, భార్య వంక చూడకుండా.

ఆ మాట ఆండాళుకు సూదిలా దిగింది. బయట ఎవరన్నా అనుంటే ఇంత నొప్పి ఉండేది కాదు.

చట్టం ప్రకారం ఆ పురుగుమందుల దుకాణం ఆండాళుది. కోదాడ ప్రకారం జగదీశ్‌ది. మందులమ్మే లైసెన్సుకి వ్యవసాయం చదివిన మనిషి కావాలి. ఇంట్లో ఆ చదువున్నది ఆండాళొక్కతే. అందుకని గోడమీద అద్దాల ఫ్రేములో ఆమె ఫొటో, ఆమె పేరు. పాన్ కార్డూ ఆమెదే. దుకాణానికి దారి అడిగితే మాత్రం ఎవరైనా "జగదీశ్ షాపా?" అనే అంటారు. పదకొండేళ్లుగా అంతే.

మందుల కంపెనీ ఒక స్కీము నడుపుతుంది. డీలరు ఊళ్లకు పోయి, రైతుల్ని పోగుచేసి, పొలంలో తెగులు చూపించి మాట్లాడితే ప్రతి మీటింగుకీ పాయింట్లు. మీటింగు ఫొటో ఫోన్లో అక్కడికక్కడే ఎక్కించాలి. పాయింట్లు నిండితే ఇద్దరికి విదేశీ టూరు. పోయినేడు ఆండాళు స్కూటీ మీద అరవై ఒక్క ఊరు తిరిగింది. మఠంపల్లి వైపు పోయిన రోజున సిమెంటు లారీల వెనక దుమ్ము తిని, ఇంటికొచ్చి తల తుడుచుకుంటే తువ్వాలు బూడిదరంగుకి తిరిగేది.

పాయింట్లు నిండాయి. బావా బావమరుదులు వియత్నాం పోయారు. డీలర్ల టూర్లంటే మగవాళ్ల టూర్లని అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆండాళు మామిడికాయ తొక్కు డబ్బాలో పెట్టి, మూత మీద టేపు చుట్టి ఇచ్చింది. జగదీశ్ ఆమె కోసం అక్కడి వెదురు టోపీ ఒకటి తెచ్చాడు. "ఎండల ఊర్లు తిరుగుతవ్ గదా, పనికొస్తది" అన్నాడు ప్రేమగానే.

ఇప్పుడు ఆ టూరు విలువ రెండు లక్షల నలభై వేలని, అది ఆండాళు ఆదాయమని, రిటర్న్‌లో ఎందుకు చూపలేదని పన్నుశాఖ అడుగుతోంది.

"ఇయ్యాల నాలుగింటికి కంపెనీ శ్రీకాంత్ వస్తడు. ఈ ఏటి టూరు బాలి. దాని ఫారం మీద గూడ లైసెన్సుదారు సంతకం కావాల్నట" అన్నాడు జగదీశ్ మెల్లగా. "మా ఇద్దరి పేర్లు చెప్పిన. అది పెట్టు, ఇది గూడ పెట్టు."

ఆండాళు నవ్వింది. ఆ నవ్వుకి జగదీశ్ గాభరా పడ్డాడు.

"ఒక చేత్తోని వియత్నాం నాది కాదని రాయాలె. ఇంకో చేత్తోని బాలి నాదే అని రాసి మీకియ్యాలె. గంతేనా?"

రవీందర్ చేతిలోని ఇడ్లీముక్క పళ్లెంలో పెట్టేశాడు.

గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని అత్తగారు జంగమ్మ చిక్కుడుకాయలు తుంపుతోంది. అల్లుడి ముందు ఆమె మాట్లాడదు. కొడుకు ముందు మాట్లాడినా లాభం లేదని మానేసింది. ఇవాళ మాత్రం తుంపిన కాయల్ని గిన్నెలో పోసి లేచి నిలబడింది.

"సూర్యాపేటల దశరథ సారున్నడు గదా, పన్నుల పనిజేసేటాయన. ఆయన్నడుగుండ్రి" అంది. "నేను గూడ వస్త. మోకాళ్ల మందులు తెచ్చుకోవాలె."

*

రవీందర్ కారులో నలుగురూ సూర్యాపేట బయల్దేరారు.

వెనక సీట్లో అత్తాకోడళ్లు. ఆండాళు కిటికీలోంచి వరి మళ్లు చూస్తోంది. ఏ మడిలో ఏ రకం వేశారో, ఎవరికి యూరియా ఎక్కువైందో ఆమెకు కారు వేగంలోనూ కనపడుతుంది. ముందు సీట్లో జగదీశ్ రెండుసార్లు అద్దంలో భార్య మొహం చూశాడు. రెండుసార్లూ ఆమె పొలాల వైపే ఉంది.

నిజానికి జగదీశ్ చెడ్డవాడు కాదు. భార్య పేరు చెప్పుకుని బతుకుతున్నానన్న మాట ఎవరి నోటా రాకుండా, ఆ పేరు మీద తన పేరు పరుచుకుని కూర్చున్న మనిషి. అది తప్పని అతనికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆండాళూ చెప్పలేదు.

దశరథ ఈ ఇంటివీ, రవీందర్ ఇంటివీ రిటర్న్‌లు రాస్తాడు. కాగితం చూడగానే కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇది నేను చూపిద్దామనే అనుకున్న. రవీందర్ సాబే ఫోన్ జేసి, ఫ్రీ టూరుకు పన్నేంది, వదిలెయ్ అన్నడు."

"మరి ఫ్రీయే గదా!" అన్నాడు రవీందర్.

"ఫ్రీ ఎట్లయితది? వ్యాపారం మంచిగ చేసినందుకు ఇచ్చిండ్రు. చేతికి పైసలు ఇయ్యకపోయినా, విమానం టిక్కెట్టిచ్చినా, అది ఆదాయమే. కంపెనీ దానికి విలువ కట్టి, పది శాతం పన్ను ముందుగాల్నే కట్టి, మేడం పాన్ మీద ఎక్కించింది. మనం రిటర్న్‌ల చూపియ్యలే. రెండూ కలవలే. గందుకే కాగితం వచ్చింది."

"కానీ పోయింది ఆమె కాదు సారూ" అన్నాడు జగదీశ్.

"సీట్ల ఎవరు కూసున్నరన్నది కాదు జగదీశూ. కంపెనీ ఎవరితోని వ్యాపారం చేసింది? ఎవరికిచ్చింది? మేడం మొగుడు కూసున్నా, సుట్టం కూసున్నా, మేడంకిచ్చినట్టే లెక్క." దశరథ రవీందర్ టైపు చేయించిన జవాబు తీసి చదివాడు. చదువుతుంటే ఆయన కనుబొమలు పైకి లేచాయి. "ఇది పంపితే ఆగమైతరు. ఏ డీలరు మీటింగు పెట్టినా ఫొటో కంపెనీ యాప్‌ల ఉంటది. మేడం ఫొటోలు అండ్ల ఉండంగ ఆ పనితోని సంబంధం లేదని ఎట్ల రాస్తరు?"

ఆండాళు ఫోను తీసి యాప్ తెరిచి బల్ల మీద పెట్టింది.

దశరథ వేలితో ఒక్కొక్క ఫొటో జరిపాడు. పెన్‌పహాడ్‌లో స్కూలు అరుగు మీద నలభైమంది, మధ్యలో ఆండాళు. మఠంపల్లిలో మోకాలిదాకా బురదలో ఆండాళు, చేతిలో వరిదుబ్బు. వాన పడుతుంటే ట్రాక్టరు కింద తలదాచుకున్న రైతులు, ట్రాక్టరు మీద ఆండాళు. అరవై ఒక్క ఫొటోలు. ఒక్కదాంట్లోనూ జగదీశ్ లేడు.

జగదీశ్ ఆ ఫొటోలన్నీ ఒక్కసారిగా చూడటం అదే మొదలు. బురద ఫొటో దగ్గర అతని చూపు ఆగిపోయింది.

"అయితే సారూ" అంది ఆండాళు, "సర్కారు లెక్కల వియత్నాం పోయింది నేనేనా?"

"పోయింది కాదమ్మా. సంపాదించింది మీరు."

పదకొండేళ్లలో ఇంట్లోగానీ బజార్లోగానీ ఒక్కరూ అనని మాట, ఎవరో పన్ను ఆఫీసరు కాగితం మీద అచ్చేసి పంపాడు. దాన్ని చూసి పొద్దుట్నుంచి ఇల్లంతా వణుకుతోంది! ఆండాళుకు మాత్రం ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి లైసెన్సు పక్కన వేలాడదీయాలనిపించింది.

"ఆ మాట మళ్లొక్కసారి చెప్పుండ్రి."

దశరథకు అర్థమైంది. ఈసారి కాస్త గొంతు పెంచి, బావా బావమరుదుల వంక చూస్తూ అన్నాడు. "ఆ టూరు సంపాదించింది ఆండాళు గారు."

"ఎంత కట్టాలె?"

"ఇంకో పాతిక వేలు పడ్తది, వడ్డీతోని. డిసెంబరు ఆఖరు దాక రిటర్న్ సవరించుకోవచ్చు. భయపడే పనేం లేదు."

"కడ్త. ఇయ్యాల్నే సవరించుండ్రి."

రవీందర్ కుర్చీలో ముందుకు జరిగాడు. "చెల్లె, నీకేమన్న పిచ్చా? పాతిక వేలు ఉత్తగనే కడ్తవా?"

"ఉత్తగ కాదన్నా. అది నాదే అని రాసుకునేటందుకు కడుతున్న."

జంగమ్మ మోకాళ్లు రుద్దుకోవడం ఆపి, కోడలి వంక తేరిపార చూసింది.

లేస్తుంటే దశరథ నవ్వుతూ అన్నాడు. "ఈ జిల్లాల సగం దుకాణాలు, మిల్లులు ఆడోళ్ల పేర్ల మీదనే ఉన్నయ్. టూర్లు మాత్రం మగోళ్లవి. ఇంకా ఎంతమందికి వస్తయో ఈ కాగితాలు."

రవీందర్ కారు తాళాలు వెతుక్కుంటూ అందరికన్నా ముందు మెట్లు దిగాడు.

*

దుకాణానికి వచ్చేసరికి శ్రీకాంత్ అప్పటికే కౌంటరు ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఫారంలో పెన్సిల్‌తో రెండు పేర్లు రాసుకున్నాడు. జగదీశ్, రవీందర్.

"మేడమ్, ఇక్కడొక సంతకం. ఈ టూరు మీకిచ్చిన ప్రయోజనమని, పన్ను మీ పాన్ మీద పడుతుందని ఒప్పుకుంటున్నట్టు. వెళ్లేవాళ్ల పాస్‌పోర్టులు ఫొటో తీసుకుంటా" అన్నాడు ఆంధ్ర యాసలో.

"రబ్బరుందా?" అంది ఆండాళు.

"అండీ?"

"పెన్సిల్ రాత తుడవనీకి."

శ్రీకాంత్ జగదీశ్ వంక చూశాడు. జగదీశ్ గోడ మీద లైసెన్సు వంక చూశాడు. ఆండాళు కౌంటరు కింది సొరుగు లాగి, స్టాకు రిజిస్టరు అడుగున ఉన్న పాత విత్తనాల కవరు తీసింది. అందులోంచి నీలం రంగు పుస్తకం బయటికొచ్చింది.

"పాస్‌పోర్టా!" జగదీశ్ నోరు తెరిచాడు. "ఎప్పుడు తీసినవ్?"

"మీరు వియత్నాంల ఉన్నప్పుడు అప్లై చేసిన."

"పోలీసులు ఇంటికి రాలేదా మరి?"

"వచ్చిండ్రు. అత్తమ్మనే చాయ్ పోసింది."

జగదీశ్ తల్లి వైపు తిరిగాడు. బస్తాల మీద కూర్చున్న జంగమ్మ మోకాళ్ల మందు సీసా మీది రాతలు ఎంతో శ్రద్ధగా చూస్తోంది. ఆమెకు చదువు రాదు.

పెన్సిల్ పేర్లు రెండూ తుడిచి, ఒకటో నెంబరు దగ్గర ఆండాళు తన పేరు రాసింది. నీలం సిరా, పెద్ద అక్షరాలు. అలా రాస్తుంటే ఒళ్లు తేలికైపోయింది.

రవీందర్ లోకం తెలిసిన మనిషి. గాలి ఎటు తిరిగిందో పసిగట్టి పెద్దరికంగా చెయ్యి ఊపాడు. "మంచిదే చెల్లె. నేను తప్పుకుంట. ఆలుమగలు మీరిద్దరు పోయి రాండ్రి."

జగదీశ్ మొహం విప్పారింది. చటుక్కున తన పాస్‌పోర్టు జేబులోంచి తీశాడు. పొద్దుటి నుంచీ అక్కడే పెట్టుకున్నట్టున్నాడు.

ఆండాళు పెన్ను రెండో నెంబరు దగ్గర ఆగింది. భర్త వంక చూసింది. అతని మీద కోపం పోలేదు, ప్రేమా పోలేదు. ఏది రాయాలో ఆమెకు నిజంగానే తోచలేదు.

అప్పుడు కౌంటరు మీద మరో నీలం పుస్తకం పడింది. మందుల సంచిలోంచి వచ్చింది.

"రెండోది నాది రాయి బిడ్డా" అంది జంగమ్మ.

నాలుగేళ్ల కిందట చిన్నకూతురు మస్కట్‌లో కాన్పుకి రమ్మంటే తీసిన పాస్‌పోర్టది. టిక్కెట్టు తీసే పని నెత్తిన వేసుకున్న రవీందర్ ఆ ఏడు మిల్లులో పనుందని ఆ సంగతే చూడలేదు. కాన్పు అయిపోయింది, పిల్ల నడిచింది కూడా. పుస్తకంలో ఒక్క ముద్ర పడలేదు.

"నీ మోకాళ్లు నొస్తున్నయ్ గదనే!" అన్నాడు కొడుకు.

"విమానంల కూసునేటిదే గదా. నాట్లేసేటిదేం లేదు గదా."

"అత్తగారైనా పర్లేదు మేడమ్, ఇంటివాళ్లు ఎవరైనా చాలు" అన్నాడు శ్రీకాంత్ ఉత్సాహంగా. "కాకపోతే రెండు సీట్లకీ పన్ను మీ పేరునే."

"ఎరికే. ఈసారి ముందే చూపిస్త."

జంగమ్మ పేరు రాసి, కింద సంతకం పెట్టి, తేదీ కూడా వేసింది ఆండాళు. పొద్దున పన్ను జవాబు మీద పెట్టనన్న సంతకమే ఇది. ఇప్పుడు ఎవరూ అడగకుండానే దాని కింద గీత కూడా గీసింది.

"మరి దుకాణం?" అన్నాడు జగదీశ్ పీలగా. "ఐదు రోజులు?"

"మీరున్నరు గదా. జగదీశ్ షాపే గదా ఇది." గోడకున్న వెదురు టోపీ తీసి అతని చేతికిచ్చింది. "ఆ వారంల మూడు మీటింగులున్నయ్. ఎండ ఉంటది, పెట్టుకోండ్రి."

శ్రీకాంత్ నవ్వు దాచుకోలేక ఫారం మడతపెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మఠంపల్లి నుంచి పెంటయ్య వచ్చాడు. మూడెకరాల కౌలుదారు. తడిగుడ్డలో చుట్టిన వరి ఆకులు విప్పి, అలవాటుగా ఆండాళు ముందు పెట్టాడు. "అమ్మా, గీ మచ్చలేందో జర సూడు. రాత్రికి రాత్రే మడంతా పాకుతున్నయ్."

ఆండాళు ఆకుల్ని భర్త వైపు జరిపింది. అతను తప్పు చెబితే ఆపాలని మాత్రం కౌంటరు వదలకుండా నిలబడింది. పెంటయ్య మూడెకరాలతో ఆటలాడే మనిషి కాదామె.

జగదీశ్ టోపీ చంకలో పెట్టుకుని ఆకు తిప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు. వెనక రవీందర్ ఉన్నాడు, పక్కన కంపెనీ మనిషున్నాడు, ఎదురుగా రైతున్నాడు. ఏదో ఒక సీసా తీసి ఇచ్చేస్తే పరువు దక్కేది. చెయ్యి సీసాల అరదాకా వెళ్లింది కూడా. బురదలో నిలబడ్డ ఫొటో గుర్తొచ్చిందేమో, వెనక్కి తీసుకున్నాడు.

"నాకు తెల్వది పెంటయ్యా" అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "ఇదేం తెగులో జర చెప్పు. నేర్చుకుంట."

ఆండాళుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బాలి ఫారం మీద సంతకం పెట్టినప్పుడు కూడా ఇంత సంతోషం కలగలేదు. ఆకు వెలుతురుకి పట్టి చూపించింది. "మధ్యల బూడిదరంగు, సుట్టూ గోధుమరంగు అంచు, రెండు కొసలు సన్నగ. ఇది అగ్గితెగులు. కొన్నాళ్లు యూరియా బందు పెట్టు పెంటయ్యా." మందు తాను తీయలేదు. రెండో అరలో ఎడమవైపున్న డబ్బా జగదీశ్‌తోనే తీయించింది.

రవీందర్ గుమ్మం దాటబోయాడు. "నేను పోయొస్త అత్తమ్మా, మిల్లుకాడ లోడొచ్చింది."

జంగమ్మ సంచిలో ఫోను మోగింది. చెవులు మందగించినప్పట్నుంచి ఆమె ఫోను ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. మిర్యాలగూడ నుంచి పెద్దకూతురు స్వప్న.

"అమ్మా, మీ అల్లుడు గాడనే ఉన్నడా?"

"ఉన్నడు బిడ్డా. ఏమైంది?"

"పన్నాఫీసు నుంచి నా పేరు మీద కాగితమొచ్చింది. మిల్లు నా పేరు మీదుందంట, మిషన్ల కంపెనీ ఇచ్చిన టూరు నాదంట." స్వప్న గొంతు దుకాణమంతా వినిపించింది. "అమ్మా, నేను దుబాయి ఎప్పుడు పోయిన?"